నాయిన కాలి కొలత

మా ఇంటి చూరులో చుట్టుపక్కల ఊళ్ళ కాళ్ళన్నీ ఉండేవి. నవ్వొద్దు, నిజమే చెబుతున్నాను. చెప్పులు కుట్టించుకోవడానికి వచ్చిన మనిషిని మా నాయిన మట్టి అరుగు మీద నిలబెట్టేవాడు. పాదం పక్కన ఎండు తాటాకు చీలిక పెట్టి మడమ దగ్గర ఒక గాటు, బొటనవేలి కొసన ఒక గాటు, వెడల్పుకు ఇంకో గాటు పెట్టేవాడు. కొలత అయిపోయాక ఆ చీలికను చూరులోకి దోపేవాడు. దాని మీద పేరు ఉండదు. నాయినకు రాయడం రాదు. అయినా ఏ ఆకు ఎవరిదని అడిగినా తడుముకునేవాడు కాదు. "ఇది వంకర వేలు ముసలామెది, ఇది బండి తోలే ఆయనది, ఇది మొన్న చచ్చిపోయిన ఆయనది, తీసి పొయ్యిల పెట్టు బిడ్డా" అనేవాడు. మనిషి పోతే ఆకు పొయ్యిలోకి పోవాలి, అది మా ఇంటి పద్ధతి. అందరి కాళ్ళూ ఉన్న ఆ చూరులో మా నాయిన కాలి కొలత మాత్రం లేదు. నాయిన జన్మలో చెప్పులు తొడగలేదు.

మాది మాదిగ ఇల్లు. బూర్గంపాడు దాటాక పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట మా వాడ, వాడకు చివర మా ఇల్లు, ఇంటి వెనక తంగేడు పొదల పక్కన లంద. లంద అంటే తోళ్ళు నానబెట్టే తొట్టి. సున్నం నీళ్ళలో వేసి వెంట్రుక తీసిన తోలును, తంగేడు చెక్క నానిన నీళ్ళలో వారాల తరబడి ఉంచుతాం. ఆ తర్వాత అది కుళ్ళదు, గట్టిపడుతుంది. ఆ వాసన మా ఇంటికి వచ్చినవాళ్ళకు తెలుస్తుంది గానీ మాకు తెలియదు. పుట్టిన దగ్గర్నుంచి పీల్చిన గాలి కదా! బస్సులో నా పక్కన కూర్చున్నామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే తప్ప నాకా సంగతి గుర్తుకొచ్చేది కాదు. గుర్తొచ్చాక మాత్రం ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చునేదాన్ని.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పెళ్ళయిన ఏడాదికే అత్తగారింటి నుంచి తిరిగొచ్చేశాను. ఎందుకొచ్చానన్నది ఇక్కడ అక్కర్లేదు. వచ్చినదాన్ని ఊరికే కూర్చోలేక ఆరె పట్టాను. ఆరె అంటే తోలుకు బెజ్జం పొడిచే సూది. ఆడపిల్ల ఆరె పట్టడమేందని మా అమ్మ నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాయిన మాత్రం ఏమీ అనలేదు. నేను కుట్టిన మొదటి జోడును వెలుగులోకి ఎత్తి చూసి, "నీ అమ్మ రొట్టె కంటే సక్కగనే ఉన్నది" అన్నాడు. దాంతో అమ్మ ఇంకో పూట మానేసింది.

మేం కుట్టేవి అడివి చెప్పులు. అడుగున రెండు పొరల దున్నపోతు తోలు అట్ట, పైన పట్టీ, బొటనవేలు దూర్చుకోవడానికి ఉంగటం, మడమ జారకుండా వెనక వారు. దారంతో కాదు, సన్నగా కోసిన తోలు వారుతోనే కుట్టాలి. కొత్తలో కిర్రు కిర్రుమంటాయి, ఆముదం తాగేకొద్దీ మెత్తబడతాయి. ఊళ్ళో రైతులు ఎప్పుడో సంతలో ప్లాస్టిక్ చెప్పులకు మళ్ళారు. పాల్వంచలో షిఫ్టులకు పోయేవాళ్ళకు కంపెనీవాళ్ళే బూట్లిస్తారు. తునికాకు కోతకు అడివిలోకి పోయే కోయవాళ్ళు మాత్రం మమ్మల్ని వదల్లేదు. ప్లాస్టిక్ చెప్పులో ముల్లు కింద గుచ్చుకుంటే పైకి తేలుతుంది. అందుకని ఎండలు ముదరకముందే అడివి ఊళ్ళ నుంచి మనుషులు వచ్చి అరుగెక్కేవాళ్ళు. ఏడాదిలో మా ఇంటికి కళ ఉండేది ఆ రెండు నెలలే.

ఇంతమంది కాళ్ళకు తొడిగే మనిషి తాను ఎందుకు తొడగడని నేను అడగని రోజు లేదు. మా తాత కాలంలో అయితే రైతుల వీధిలో మావాళ్ళు చెప్పులతో నడవడానికి లేదు. వాళ్ళ కోసం కుట్టిన చెప్పులను చేతుల్లో పట్టుకుని, వట్టి కాళ్ళతో పోయి, గడప ముందు పెట్టి రావాలి. నా కాలానికి అడ్డం చెప్పేవాడు లేడు. చెప్పినా ఊరుకునేదాన్ని కాదు. ఎవడైనా వద్దంటే వాడిని తిట్టొచ్చు. ఎవడూ అనకపోయినా తొడగని మనిషిని ఏం చేస్తాం? అడిగితే నాయిన మాట మార్చేవాడు.

"చెప్పులు కుట్టేటోనికి కాలే పట్టకారు బిడ్డా. చెప్పు తొడిగితే పట్టు పోతది."

అది కూడా అబద్ధం కాదు. కింద కూర్చుని ఎడమ పాదాన్ని రాయి మీద పెట్టి, అట్టను బొటనవేలికీ పక్క వేలికీ నడుమ ఇరికించి పట్టేవాడు. రెండు చేతులూ ఆరెకు, వారుకు ఖాళీగా ఉండేవి. ఆ ఎడమకాలి వేళ్ళ మధ్య సందు నా చూపుడువేలంత ఉండేది. చిన్నప్పుడు అందులో చింతపిక్క పెట్టి, "నాయినా, పట్టుకో" అని ఆడుకునేదాన్ని. ఆయన వేళ్ళు మూసేవాడు, నేను లాక్కోలేకపోయేదాన్ని.

నేను చెప్పబోయేది ఆ ఎడమకాలి సంగతే.

ఆ ఏడు, రెండు వేల నాలుగో అయిదో, సరిగ్గా గుర్తు లేదు, మా పాత అడివి దోస్తు ఒకాయన శివరాత్రి ముందే వచ్చాడు. కోయ ముసలాయన. నాయిన ఆయన్ను "దొరా" అనేవాడు, ఆయన నాయినను "అన్నా" అనేవాడు. ఇద్దరిలో ఎవరు పెద్దో ఇద్దరికీ తెలియదు. ఆయన దుక్కిటెద్దు ముసలిదై చచ్చిపోతే దాని తోలు మా దగ్గరే లందలో వేసి, మెత్తగా చేసి, తన కోసం ఒక జోడు కుట్టమన్నాడు. పన్నెండేళ్ళు తన ముందు నడిచిన ఎద్దు, ఇక తన కింద నడవాలని ఆయన ముచ్చట. నాయిన ఆ తోలును ఎంత శ్రద్ధగా చూశాడంటే, మమ్మల్ని లంద దగ్గరికి కూడా రానివ్వలేదు.

ఆయనవి కాక ఇంకా చాలా జోళ్ళు ఒప్పుకున్నాం. తునికాకు కోత దగ్గర పడుతోంది. తోలు వారుతో కుట్టుకుంటూ పోతే ఎప్పటికి తెమలాలి? వెనక వారును చిన్న చీలలతో బిగిస్తే సగం పని తగ్గుతుందని నేను అన్నాను. "చీల కొడితే అది చెప్పు గాదు, తలుపు" అన్నాడు నాయిన. నేను వినలేదు. మొండితనం ఆయన దగ్గరే నేర్చుకున్నాను మరి! పాల్వంచ పోయి డబ్బాడు చీలలు తెచ్చాను. దొర జోడు తప్ప మిగతావాటికి నేనే చీలలు కొట్టాను.

ఒకరోజు పొద్దున్నే ఇల్లు అలికిన అమ్మ అరిచింది. తడి అలుకు మీద గుమ్మం నుంచి పనిచేసే చోటి దాకా ఎర్రటి మచ్చలు వరసగా ఉన్నాయి. నాయిన ఎడమ పాదం ఎక్కడెక్కడ పడిందో అక్కడల్లా మచ్చ. ఆయన మాత్రం పనిలో కూర్చుని, బీడీ నోట్లో పెట్టుకుని, ఏంది లొల్లి అన్నట్టు మమ్మల్ని చూస్తున్నాడు. కాలెత్తి చూస్తే బొటనవేలి మొదట్లో నేను తెచ్చిన చీల తల దాకా దిగి ఉంది.

"నొప్పి పుడతలేదా నాయినా?"

"ఏడ? ఏం గుచ్చుకుంది?"

నేను పట్టుకుని లాగాను. ఆయన కనురెప్ప కూడా ఆడలేదు. పైగా, "మాదిగోని కాలు, చీలకే నొప్పి పుట్టి ఉంటది" అని నవ్వాడు. మేమూ నవ్వాం. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ముగ్గురం పకపకా నవ్వాం. ఆ మధ్య ఆయన పెరట్లో ఉచ్చ పోసిన చోట చీమలు పట్టాయని అమ్మ రెండు మూడుసార్లు అంది. దానికీ నవ్వుకున్నాం. చక్కెర జబ్బు అనే మాట మా వాడలో అప్పటికి ఎవరికీ లేదు. అది కూర్చుని తినేవాళ్ళకు వచ్చే రోగమనుకునేవాళ్ళం.

ఊళ్ళో సూది వేసే ఆరెంపీ ఒక సూది పొడిచి, పుండు తగ్గకపోతే భద్రాచలం పొమ్మన్నాడు. "ఈ జోళ్ళు తెమిలినంక పోదాం" అన్నాడు నాయిన. సరే, అప్పటి దాకా నేనే చూసుకుంటానన్నాను. ఎట్లా చూసుకోవాలో మా ఇంట్లో అందరికీ తెలుసు. తోలు కోసే రంపె జారి వేలు తెగితే లంద నీళ్ళలో ముంచుతాం. తంగేడు నీళ్ళు తగిలితే తడి ఆగుతుంది, తెగిన చోటు ముడుచుకుంటుంది. మా తాత అట్లాగే చేశాడు, నాయిన అట్లాగే చేశాడు, నా చేతుల మీది గీతలన్నీ అట్లా మానినవే. ఎవరూ దవాఖానా మెట్టు ఎక్కలేదు.

కొత్త తంగేడు చెక్క దంచి, గుప్పెడు కరక్కాయలు వేసి చిక్కగా కాచేదాన్ని. గోరువెచ్చగా చల్లార్చి, వెడల్పాటి బేసినులో పోసి, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి నాయిన కాలు అందులో పెట్టించేదాన్ని. అరగంట కదలనిచ్చేదాన్ని కాదు. కదిలితే తొడ మీద ఒకటి చరిచేదాన్ని. "దున్నపోతు తోలు ఊనినట్టు ఊనుతున్నవు గదనే నన్ను" అని ఆయన ఆటపట్టించేవాడు. ఊనడం అంటే తోలును మందునీళ్ళలో పదును చేయడం. ఆయన పరాచికానికి అన్నదే నేను నిజంగా చేస్తున్నానని ఇద్దరికీ తెలియలేదు.

వారం తిరిగేసరికి పుండు తడి ఆగింది. పదో రోజుకు మూతి మూసుకుంది. పైన చర్మం గోధుమరంగుకు తిరిగి, వేలితో కొడితే టకటకమనేలా గట్టిపడింది. నా ఆనందం చూడాలి! వాడంతా తిరిగి చెప్పుకొచ్చాను. "దవాఖాన్ల డాక్టరు ఏం జేస్తడు, మా తంగేడు చెక్క ముంగట?" అని బావి దగ్గర నలుగురి ముందు అన్న మాట నాకిప్పటికీ చెవుల్లో వినపడుతుంది. కాలు కాస్త వాచింది గానీ కూర్చుని కూర్చుని వాచిందనుకున్నాం. నాయినకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది. ఎండ దెబ్బ అనుకున్నాం. ప్రతిదానికీ మా దగ్గర ఒక మాట తయారుగా ఉండేది.

దొర తన జోడు కోసం వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. అట్టలు కోసి, పట్టీలు కోసి, కుట్టడం ఒక్కటే మిగిలింది. ఎప్పటిలాగే ఆయన వచ్చి నాయిన పక్కన అరుగు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి నిలబడ్డాడు. మళ్ళీ వంగి నాయిన మోకాలి దగ్గర ముక్కు పెట్టి చూశాడు.

"అన్నా, ఈ వాసనేంది?"

"లంద వాసన. కొత్తగ వచ్చినవా మా ఇంటికి?" అన్నాడు నాయిన.

"లంద వాసన నాకెరుకే. ముప్పై ఏండ్ల సంది వస్తున్న. ఇది లందది గాదు." ఆయన నా వైపు తిరిగాడు. "బిడ్డా, కాలు విప్పు."

విప్పడానికి కట్టు కూడా లేదు. గట్టిపడిన ఆ చర్మం మీద ఆయన బొటనవేలితో నొక్కాడు. పైన ఏమీ కాలేదు. కింద, మడమ పక్క నుంచి పగిలి, నల్లటి చీము నా చేతుల మీదికి వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు వాసన. అన్ని రోజులు ఆ కాలు నా ఒళ్ళో పెట్టుకుని కడిగానే, నా ముక్కుకు తెలియలేదు. కుళ్ళిన తోలు వాసన మధ్య పుట్టిన ముక్కు, కన్నతండ్రి కాలు కుళ్ళుతుంటే గుర్తుపట్టలేదు. దొర రాకపోతే ఇంకెన్ని రోజులు ఊనేదాన్నో.

ఆటోలో వంతెన దాటి భద్రాచలం దవాఖానాకు పోయాం. నవమి దగ్గర పడిందేమో దారంతా జనం. నాయిన కాలు నా ఒళ్ళో ఉంది. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా నేనే అరిచాను, ఆయన అరవలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పైన చర్మాన్ని చూసి, "ఇది ఎట్లా అయింది? ఏం పూశారు?" అని అడిగింది. అమ్మ నా వైపు చూసింది. నేనే చెప్పాను. చెక్క దంచడం, కాచడం, అరగంట కదలనివ్వకపోవడం, అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె మెల్లగా చెప్పింది. ఒంట్లో చక్కెర చాలా ఉందట, ఎప్పటి నుంచో ఉందట. దాంతో పాదాల్లో స్పర్శ పోయిందట. గాయం పైన గట్టిగా మూసుకునేసరికి చీముకు బయటికి దారి లేక లోపలికి ఎముక దాకా పోయిందట. తోలు కుళ్ళకుండా చేసే మందు మాది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ సామెత నా కోసమే పుట్టింది.

"కాలు ఉంటదా మేడం?" అని అడిగింది అమ్మ.

"కోసి శుభ్రం చేశాం. మందులు ఎక్కిస్తున్నాం. రెండు రోజులు చూద్దాం. ఉంటే మాత్రం ఇక జన్మలో వట్టి కాళ్ళతో నడవనివ్వకండి. మెత్తటి చెప్పులు ఉండాలి, పాదానికి సరిగ్గా సరిపోయేవి, చీలలు లేనివి. దొరుకుతాయా మీ ఊళ్ళో?"

దొరుకుతాయా అంట! ఏడవాలో నవ్వాలో తెలియక అమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

రెండు రోజులు. ఆ మాట పట్టుకున్నాను నేను. మంచం పక్కన కూర్చుని మందు సీసాల అట్టపెట్టె చించి ఒక చీలిక తీశాను. నాయిన చూసి కాలు దుప్పట్లోకి లాక్కున్నాడు.

"ఏందే, నా కాలు కొలుస్తవా? సిగ్గు లేదా?"

"ఊర్లోళ్ళందరి కాళ్ళు పట్టినవు గదా, నీ కాలు నేను పడితే ఏమైతది? చాపు."

ఎడమకాలు కట్టులో ఉంది, వాచి ఉంది. అందుకని కుడికాలి కొలత తీశాను. దాన్నే తిప్పి ఎడమకు కోసుకోవచ్చని ఆయనే నేర్పాడు. మడమ దగ్గర గోటితో గట్టిగా గుర్తు పెడుతూ తలెత్తి చూశాను. గోరు ఆయన చర్మంలోకి దిగింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎండలు జోరుగున్నయి ఈసారి" అన్నాడు. ఆ కాలికీ తెలియడం లేదు. నేను రెండో గాటు పెట్టాను.

ఇంటికొచ్చేసరికి దొర అరుగు మీదే ఉన్నాడు, ఊరికి పోలేదు. మెత్తటి తోలు ఏముందా అని ఇల్లంతా వెతికాను. ఉన్నవన్నీ మందపు అడివి తోళ్ళే. నేను వెతికేది చూసి, ఆయనే తన ఎద్దు తోలు అట్టలు నా ముందు పెట్టాడు.

"ఇయ్యి కొయ్యి బిడ్డా. మీ నాయినే మెత్తగ జేసిండు, మీ నాయినకే పెట్టు."

"నీ ఎద్దు గదా తాతా."

"నా ఎద్దు నాకు నడిచింది. ఇగ ఆయనకు నడవనీ."

నేను కాదనలేదు. నా జన్మలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. ఒక్క చీల లేదు. అంతా వారు కుట్టే. అట్ట మీద మేకతోలు పొర వేసి, కుట్ల ముడులు పాదానికి తగలకుండా లోపలికి దాచాను. ఆముదం పట్టించి, చేతులతో వంచి వంచి, కిర్రుమనకుండా చేశాను. కుడిది ముందు, ఎడమది తర్వాత. ఎడమదాని ఉంగటం కుట్టేటప్పుడు చింతపిక్క సందు గుర్తొచ్చి, ఒక వేలు వెడల్పు ఎక్కువ పెట్టాను. ఈ చెప్పులు అయిపోతే కాలు ఉంటుందని ఎవరూ నాకు మాటివ్వలేదు. నేనే అట్లా అనుకున్నాను. అనుకోకపోతే చేతులు ఆడవు.

మూడో రోజు పొద్దున ఆ జోడు సంచిలో పెట్టుకుని, దొరను వెంటబెట్టుకుని పోయాను. అమ్మ దవాఖానా మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. ఆమె ఎడమచేతి బొటనవేలికి వేలిముద్ర సిరా ఉంది. నేను ఆ వేలినే చూశాను.

"కుళ్ళు మోకాలి దాక ఎక్కుతున్నదన్నరు బిడ్డా. ఉంచితే మనిషే దక్కడన్నరు. నువ్వొచ్చేదాక ఆగమంటే... ఎట్ల ఆపుదు?"

అమ్మ పక్కన ఆకుపచ్చ గుడ్డలో కట్టిన మూట ఉంది. పొడుగ్గా ఉంది. అదేంటని నేను అడగలేదు. పూడ్చిపెట్టుకుంటామంటే ఇచ్చారట. అమ్మ దాన్ని దూరంగా పెట్టలేక, ఒళ్ళో పెట్టుకోలేక, కొంగు సగం కప్పి కూర్చుంది.

మూట నేను తీసుకున్నాను. అంత బరువుంటుందనుకోలేదు. ఆటో అతను ఏంటని అడిగితే దొర, "మా ఇంటి సామాను" అన్నాడు. వంతెన మీద పోతుంటే ఆ గుడ్డలోంచి దవాఖానా మందు వాసన వచ్చింది. లంద వాసన కూడా వచ్చింది, అది నేను పెట్టిన వాసన.

లంద పక్కన తంగేడు పొదల కింద దొర గడ్డపారతో గుంట తవ్వాడు. నేను మూట విప్పాను. విప్పకూడదని ఆయన అన్నాడు, నేను వినలేదు. సంచిలోంచి ఎడమ చెప్పు తీశాను. ఇంతమంది కాళ్ళకు తొడిగిన ఇంట్లో ఈ ఒక్క కాలు వట్టిగా మట్టిలోకి పోవడం నా వల్ల కాలేదు. తొడగబోతే ఎక్కలేదు. కుడికాలి కొలతతో కోసినది కదా, ఇది వాచి ఉంది. పట్టీ ఎట్లాగో సాగింది గానీ, నల్లబడి ఉబ్బిన బొటనవేలు ఉంగటంలోకి దూరలేదు. ఒక వేలు వెడల్పు ఎక్కువ పెట్టినా దూరలేదు. పచ్చి కాలును బలవంతం చేయలేను, చెప్పు తీసేయలేను. చివరికి ఇంట్లోకి పోయి రంపె తెచ్చి, నేను కుట్టిన ఉంగటాన్ని నేనే కోశాను. కోసి, రెండు కొసలూ వేలికి అటూ ఇటూ సర్ది, తొడిగినట్టు కనపడేలా పెట్టాను. దొర మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇద్దరం కలిసి మట్టి వేశాం.

మర్నాడు నాయినకు బాగా తెలివి వచ్చింది. దుప్పటి ఎడమవైపు ఎక్కడ కిందికి దిగిపోయిందో అక్కడ చెయ్యి వేసి ఉంచాడు. అమ్మ ఏదో చెప్పబోతే, "తెలిసిందిలే" అన్నాడు. కాసేపటికి నా వైపు తిరిగాడు.

"చెప్పులు కుట్టినవంట గదా. మీ అమ్మ చెప్పింది. చూపియ్యి."

సంచిలోంచి కుడిది తీసి ఇచ్చాను. పడుకున్నవాడు పడుకున్నట్టే దాన్ని వెలుగులోకి ఎత్తాడు. తిరగేసి, కుట్టు వెంట బొటనవేలు పోనిచ్చాడు. ఒకచోట ఆగి, "ఈడ వారు జర వదులైంది" అన్నాడు. అవ్ అన్నాను. లోపలి మేకతోలు పొరను తడిమి, "దొర ఎద్దు" అన్నాడు. దానికీ అవ్ అన్నాను.

"రెండోదేది?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి పోయింది. నాయిన నన్ను చూశాడు, సంచిని చూశాడు. జోడు విడదీసి ఇవ్వడం మా ఇంట్లో ఎన్నడూ లేదు. ఆయనకు అర్థమైంది.

"ఏడ పెట్టిన్రు?"

"లంద కాడ. తంగేళ్ళ కింద."

"తొడిగినవా?"

"తొడిగిన నాయినా."

"సరిపోయిందా?"

ఆ మనిషి మొహంలో ఇంకేమీ లేదు. కాలు పోయిందన్న బాధ ఉందో లేదో నాకు కనపడలేదు. కొలత తప్పిందా లేదా అన్నదొక్కటే అడుగుతున్నాడు. ఆయన అడిగితే నేనెన్నడూ అబద్ధం చెప్పలేదు.

"సరిపోయింది."

"ఉంగటం బిగువు కాలే గదా?"

"కాలే. సక్కగ దూరింది."

"ఆ... సరిపోకుంటెట్ల? కొలత పట్టింది నువ్వు గదా" అన్నాడు. కుడి చెప్పును తలగడ పక్కన పెట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత నాయిన మూడేళ్ళు బతికాడు. ఆ కుడి చెప్పు తొడగలేదు, జోడు లేనిది తొడగనన్నాడు. ఆయన పోయిన రోజు, నేను చూరులో దోపి ఉంచిన ఆ అట్టపెట్టె చీలికను తీసి పొయ్యిలో పెట్టాను. ఉంగటం కోసిన రంపె మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది, దాంతోనే పని చేస్తున్నాను.